కొట్లో కూర్చోవడం

"పెట్టను," అన్నాడు కాటాల మేస్త్రి మూడోసారి. "నా చేత్తో ఆ కాగితం మీద సంతకం పెట్టను గాక పెట్టను."

కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం కొట్లో బల్ల మీద ఉంది. ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద రెండు కిలోల పడికట్టు రాయి పెట్టాడు. అంత చిన్న కాగితానికి అంత బరువు అక్కర్లేదు. కానీ నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఎవరికీ అది తేలిగ్గా కనిపించడం లేదు.

"గడువు పన్నెండింటి వరకే," అంది అతని భార్య. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి గంటయింది. బ్యాగులు కుట్టే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి పన్ను నొప్పి అని చెప్పింది. "ఇప్పుడు పదిన్నర. మీరు అలిగే పనైతే పన్నెండు దాటాక అలగండి, నేనూ మీతో కూర్చుని అలుగుతాను."

"ఒకసారి చదువు ఏం రాశారో. చదివావా?"

"పద్దెనిమిది సార్లు చదివాను."

"మళ్లీ చదువు."

ఆమె చదవలేదు. చదవక్కర్లేదు కూడా. ఉత్తరంలో విషయం నాలుగు వాక్యాలు. దరఖాస్తులో 'చదువుతో పాటు చేసే పని' అన్న గడిలో అమ్మాయి 'లేదు' అని రాసింది. లెక్కల మాస్టారు పంపిన సిఫారసు లేఖలో, అదే అమ్మాయి రోజుకు ఐదు గంటలు పని చేస్తుందని ఉంది. రెండూ నిజం కావడానికి వీల్లేదు. ఏది నిజమో ఈ మధ్యాహ్నం లోగా రాతపూర్వకంగా తెలపకపోతే దరఖాస్తును పక్కన పెడతారు.

అడుగున ఒక గీత. ఆ గీత కింద 'పని ఇచ్చిన యజమాని సంతకం'.

"యజమాని!" అన్నాడు మేస్త్రి. "నా కూతురికి నేను యజమానినట."

"అది అచ్చు కాగితమండీ. అందరికీ అదే పంపిస్తారు. మీ మొహం చూసి అచ్చేయించారా ఏంటి?"

"యజమానంటే జీతమివ్వాలి. ఆదివారం సెలవివ్వాలి. నేనిచ్చానా?"

ఆ మాట అన్నాక అతనికే ఎక్కడో గుచ్చుకున్నట్టుంది, ఆగిపోయాడు.

మూలన ఎత్తు స్టూలు మీద కూర్చుని అమ్మాయి ఒక పాత కాటా అడుగు పలక విప్పుతోంది. నాలుగు స్క్రూలు తీసి, పోకుండా మూతలో వేసుకుంది. నిన్నటి నుంచి ఆమె మాట్లాడింది తక్కువ. వేలల్లో దరఖాస్తులు వస్తే నలభై మందిని తీసుకునే కాలేజీ అది. పోయిన వారం అక్కణ్నుంచి 'మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది' అని వస్తేనే ఇంట్లో అందరూ దాన్ని చేతులు మార్చుకుని చదివారు.

"లేదని రాసింది నువ్వే కదమ్మా," అన్నాడు తండ్రి ఆమె వైపు తిరిగి. "ఉన్నమాటే రాశావు. దాని మీదే ఉండు."

"నాకు తట్టలేదు నాన్నా," అంది ఆమె తలెత్తకుండా. "పని అంటే అమ్మ వెళ్తుందే, అట్లా ఎక్కడికో వెళ్లి చేసేదనుకున్నా. నేను కొట్లో కూర్చుంటానంతేగా."

ఆ ఇంట్లో మాట అదే. అమ్మాయేదీ అంటే, కొట్లో కూర్చుంది. కాటా విప్పుతున్నా కూర్చున్నట్టే. తుప్పు గీకుతున్నా, తెగిన తీగ అతుకుతున్నా, వంద గ్రాముల రాయి నుంచి ఇరవై కిలోల రాయి దాకా ఒక్కొక్కటే ఎక్కించి దించి సరిచూస్తున్నా కూర్చున్నట్టే. బడి వదిలిన దగ్గర్నుంచి రాత్రి తలుపులు మూసేదాకా రెండున్నరేళ్లుగా ఆ పిల్ల కూర్చుంటూనే ఉంది. దానికి ఇంకో పేరుందని ఎవరికీ తోచలేదు.

వీధిలో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. లెక్కల మాస్టారు లోపలికి వచ్చాడు. చెమట తుడుచుకోవడానికి జేబు రుమాలు తీసి, మేస్త్రి మొహం చూసి, తుడుచుకోకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"రండి మాస్టారూ," అన్నాడు మేస్త్రి. "మీ గురించే. కూర్చోండి. కూర్చోవడం కూడా పనే అంటున్నారుగా ఈ మధ్య."

"ఏమండీ," అంది భార్య.

"పర్లేదమ్మా." మాస్టారు బెంచీ మీద కూర్చున్నాడు. "మేస్త్రి గారూ, నా వల్లే ఇదంతా. అమ్మాయిని అడిగి రాసుంటే బావుండేది. కానీ రాసింది అబద్ధం కాదు."

"ఎందుకు రాశారు?"

"ఎనభై నాలుగు మార్కులు చూసి వాళ్లు పేజీ తిప్పేస్తారని భయమేసిందండీ. అక్కడికి వచ్చేవాళ్లంతా తొంభై తొమ్మిదులూ తొంభై ఎనిమిదులూ. వాళ్లకి ఒక్కో సబ్జెక్టుకి ఇంట్లో ఒక్కో టీచరు. మన బళ్లో పద్నాలుగు నెలలు ఫిజిక్స్ చెప్పే మనిషే లేడు. ఈ పిల్ల లైబ్రరీ పుస్తకం ముందేసుకుని సొంతంగా చదువుకుంది. అది కూడా ఈ స్టూలు మీదే. ఆ ఎనభై నాలుగు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తేగా, అదెంతో వాళ్లకి తెలిసేది!"

"అంటే జాలి అడిగారు."

"జాలి కాదు..."

"మరేంటి? మార్కులు తక్కువ పడ్డాయి, పాసంగం కట్టారు. మా వృత్తిలో అట్లాంటివాణ్ని ఏమంటారో తెలుసా మీకు?"

"ఏమంటారు నాన్నా?" అంది అమ్మాయి.

ముగ్గురూ అటు చూశారు. ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఆగి ఉంది.

"పాసంగం దొంగతనమని నువ్వెప్పుడూ చెప్పలేదు. ఖాళీగా ఉన్నప్పుడే త్రాసు ఒక పక్కకి ఒరిగితే, తేలిన పక్క చిన్న ముక్క కట్టి ముందు సమం చెయ్యమన్నావు. అప్పుడే తూకం వెయ్యాలన్నావు. కట్టకుండా తూస్తే అది దొంగతూకం అన్నావు. నాకు తొమ్మిదేళ్లప్పుడు చెప్పావు."

మేస్త్రి గోడకి వేలాడుతున్న పాత త్రాసు వైపు చూశాడు. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక ఆ మాట వాడటమే తగ్గిపోయింది. తనే ఇప్పుడు దాన్ని బయటికి తీశాడు, తనకే తగిలింది.

"నోరు బాగా పెరిగింది," అన్నాడు చివరికి.

"మీ దగ్గరేగా కూర్చుంది," అంది భార్య.

మాస్టారికి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. ఆపుకుని మంచి పనే చేశాడు. ఎందుకంటే మేస్త్రి తర్వాతి ప్రశ్న మెల్లగా వచ్చింది.

"ఐదు గంటలు ఎందుకు కూర్చుంటోందో కూడా రాశారా?"

మాస్టారు నేల చూశాడు.

"రాశారా మాస్టారూ?"

"'తండ్రి చేతులకు వణుకు రావడంతో' అని రాశానండీ. ఒక్క ముక్క."

బల్ల మీదున్న రెండు చేతులూ బల్ల కిందికి వెళ్లిపోయాయి. ఆ కదలిక ఇంట్లో వాళ్లకి అలవాటే. మాస్టారు మాత్రం చూడనట్టు తలుపు వైపు తిరిగాడు.

ఫ్యాను తిరుగుతోంది. కాటా పనివాడికి చెయ్యే చిరునామా. ఆ చెయ్యి వణుకుతోందని తెలిస్తే బజారులో ఎవడు తన త్రాసు తెచ్చి ముందు పెడతాడు? అందుకే రెండున్నరేళ్లుగా గిరాకీ ఉన్నప్పుడు అతను మాటలే చెప్పేవాడు, చెయ్యి ఆడించేవాడు కాదు. 'అక్కడ పెట్టి వెళ్లండి, చూసి ఉంచుతాను' అనేవాడు. చివరి తూకం మాత్రం తనే కళ్లద్దాలు పెట్టుకుని చూసేవాడు. ఒక్క గ్రాము తేడా ఉన్నా మళ్లీ విప్పించేవాడు. ఇప్పుడా సంగతంతా కింద సంతకంతో సహా కాగితం మీద పెట్టమంటున్నారు.

"నాక్కూడా మీ మీద కోపంగా ఉంది మాస్టారూ," అంది అమ్మాయి.

ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఐదు గంటలు కష్టపడుతోంది పాపం, అన్నట్టు రాశారు కదా? నేను పాపం కాదు. ఇక్కడ కూర్చోకపోతే నాకు ఆ నోట్‌బుక్కే లేదు."

నోట్‌బుక్ సంగతి మాస్టారికి కొంత తెలుసు. బజారులో బండి మీద చేపలమ్మే చేపలక్క కాటా పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా చూపించేది. కొన్నవాళ్లు ఆమెతో, ఆమె మేస్త్రితో పోట్లాడేవాళ్లు. విప్పి చూస్తే ఏ లోపమూ లేదు. అందరూ వదిలేశారు. ఈ పిల్ల వదల్లేదు. రోజుకి మూడుసార్లు ఆమె బండి దగ్గరికి వెళ్లి, ఒకే రాయిని తూచి, అంకె రాసుకునేది. బడి రోజుల్లో మధ్యాహ్నం తిండి మానేసి పరిగెత్తేది. ఎవరూ చెయ్యమనలేదు. దానికి మార్కులూ లేవు.

"ఏడు నెలలు ఎండ వల్ల అనుకున్నాను. మొత్తం తప్పు," అంది ఆమె. మాట్లాడుతుంటే గొంతులో కోపం తగ్గి ఇంకేదో వచ్చింది. "తర్వాత మబ్బు రోజు కూడా అదే తేడా వచ్చింది. అప్పుడు చూస్తే, మంచు పెట్టె. కాటాకి ఒక పక్కే ఆనించి పెట్టేది. లోపల బరువు మోసే కడ్డీ ఒక చివర చల్లబడి, ఇంకో చివర మామూలుగా ఉండేది. పెట్టె జరిపించాను, తేడా పోయింది. లైబ్రరీలో పుస్తకం తీసింది అది ఎందుకో తెలుసుకుందామని. బళ్లో ఫిజిక్స్ టీచరు లేరని కాదు."

"ఇది ఫారంలో ఎందుకు రాయలేదే?" అంది తల్లి.

"దానికి గడి లేదమ్మా."

సరిగ్గా అప్పుడే చేపలక్క వచ్చింది. వీధి మొదటి నుంచీ ఆమె గొంతు ముందు వచ్చి, మనిషి వెనక వచ్చింది. చంకలో కాటా.

"అమ్మాయేది? ఆ, ఉంది. బతికాను." కాటా బల్ల మీద పెట్టి అందరి మొహాలూ చూసింది. "ఏంటి, ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదక్కా," అన్నాడు మేస్త్రి. "అక్కడ పెట్టి వెళ్లు, చూసి ఉంచుతాను."

"సంతకం పెట్టమంటే పెట్టట్లేదు వదినా," అంది భార్య గుమ్మంలోంచి.

"ఏమే!"

"అమ్మాయి ఇక్కడ పని చేస్తోందని కాలేజీకి రాసివ్వాలి. రాస్తే తన చేతుల సంగతి బయటపడుతుందట."

మేస్త్రి భార్య వైపు చూసిన చూపులో కోపం కంటే దిగ్భ్రమ ఎక్కువుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె అతని గుట్టు ఒకరి ముందు విప్పడం అదే మొదటిసారి.

చేపలక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "బయటపడటమేంటి తమ్ముడూ? పడి రెండేళ్లయిందిగా!"

"ఏం పడింది?"

"వీధంతా తెలుసు. టీ కొట్టాయన నీకు సగం గ్లాసే ఎందుకిస్తాడనుకున్నావు?"

"పిసినారి కాబట్టి."

"అయ్యో రాత! ఆ సగం తాగగానే నువ్వడక్కుండానే ఇంకో సగం పట్టుకొస్తాడా లేదా? నిండా పోస్తే నీ చొక్కా మీద ఒలుకుతుందని, నలుగురిలో నీకు చిన్నతనమని. ఆ మహానుభావుణ్ని నువ్వు బజారంతా పిసినారని చెప్పుకు తిరుగుతున్నావు. అతను విని నవ్వుకుంటాడు."

మేస్త్రి లెక్కపెట్టుకున్నట్టు కళ్లు మూసుకున్నాడు. నిజమే. ఎప్పుడూ రెండు సగాలు. ఏడాది పైగా ఒక్క చుక్క ఒలకలేదు.

"పళ్ల కొట్టాయన కాటా పెట్టి 'సాయంత్రం వస్తా'నని ఎందుకు పారిపోతాడు? నువ్వు స్క్రూ పెడుతుంటే ఎదురుగా నిలబడకూడదని. మేమంతా ఒకరికొకరు చెప్పుకున్నామనుకున్నావా? ఎవరికి వాళ్లే చూసుకున్నాం."

"తెలిసీ మరి నా దగ్గరికెందుకు తెస్తారు?"

ఈ ప్రశ్న ఆమెకి వింతగా తోచింది. "తూకం సరిగ్గా ఉంటుంది కాబట్టి. విప్పే చెయ్యి ఎవరిదైతే మాకేం? చూసే కన్ను నీదేగా."

మేస్త్రి బల్ల కింద నుంచి చేతులు పైకి తీశాడు. అవి వణుకుతున్నాయి. వాటిని అట్లాగే వదిలేశాడు. రెండున్నరేళ్లుగా పట్టి ఉంచిన ఊపిరి ఒకటి మెల్లగా బయటికి వచ్చింది. భార్య అది విని, గుమ్మంలోంచి లోపలికి వచ్చి అతని పక్కన నిలబడింది.

"కలం ఇవ్వు," అన్నాడు.

"చెప్పండి, నేను రాస్తాను. మీరు సంతకం పెట్టండి చాలు," అంది భార్య.

"నేనే రాస్తాను."

రాయి తీశాడు. కలం పట్టుకున్నాడు. అక్షరాలు ఒక్కొక్కటీ గట్టు ఎక్కి దిగినట్టు వచ్చాయి. మొదటి వాక్యంలో 'మా అమ్మాయి కొట్లో కూర్చుంటుంది' అని రాసి, 'కూర్చుంటుంది' కొట్టేసి, 'పని చేస్తుంది' అని పైన రాశాడు. ఎందుకు చేస్తోందో రెండో వాక్యంలో రాశాడు. గోడ గడియారం పదకొండున్నర దాటింది. ఎవరూ తొందరపెట్టలేదు. చేపలక్క కూడా నోరు మూసుకుని ఉంది. ఆమెను ఎరిగినవాళ్లకి అదెంత పెద్ద సాయమో తెలుసు.

చివర్న ఇంకొక్క వాక్యం రాసేటప్పుడు ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సంతకం చేసి కాగితాన్ని మాస్టారి చేతికే ఇచ్చాడు.

మాస్టారు చదివాడు. అడుగుకి వచ్చేసరికి ఆగి, మేస్త్రి వైపు చూశాడు.

"పంపండి," అన్నాడు మేస్త్రి.

మాస్టారు ఫోన్‌తో ఫోటో తీసి, కింద నోట్‌బుక్ సంగతి కూడా ఒక ముక్క చేర్చి పంపాడు. పన్నెండుకి ఎనిమిది నిమిషాలు తక్కువ.

పన్నెండుంబావుకి ఫోన్ మోగింది. మాస్టారు అందరికీ వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచాడు.

"కాలేజీ ఆఫీసు నుంచి," అంది ఒక స్త్రీ గొంతు. చదివీ చదివీ అలసిన గొంతు, కానీ చిరాకు లేదు. "కాగితం అందింది. దరఖాస్తు పక్కన పెట్టడం లేదు. గురువారం ఇంటర్వ్యూకి రండి."

తల్లి చేత్తో నోరు మూసుకుంది. చేపలక్క ఆమె వీపు మీద ఒకటి చరిచింది.

"అమ్మాయి ఉందా అక్కడ?"

"ఉన్నానండీ."

"లేదని ఎందుకు రాశావమ్మా?"

"అది పనని తెలియదండీ."

"చాలామంది లేని పని ఉందని రాస్తారు. సరే. మీ మాస్టారు ఏదో నోట్‌బుక్ అన్నారు. కాటా గురించి. అది ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనలేదండీ. తేడా ఎందుకొస్తోందో తెలియక నిద్రపట్టలేదు."

"అది పట్టుకురా."

"మొదటి ఏడు నెలలూ తప్పేనండీ. అవి తీసేసి..."

"ఒక్క పేజీ కూడా తియ్యకు. ఆ ఏడు నెలలే ముందు చూస్తాం." గొంతులో నవ్వు వినిపించింది. వెంటనే అది సర్దుకుంది. "చూడమ్మా, సీటు వస్తుందని నేను చెప్పడం లేదు. నీ మార్కుల్ని నీ పరిస్థితుల పక్కన పెట్టి చదువుతాం, అంతే. మీ నాన్నగారు చివర రాసిన దాని గురించి కూడా ఇంటర్వ్యూలో అడుగుతారు. ఆలోచించుకుని రా."

"ఏం రాశారండీ?"

"నీకు చూపించలేదా?" కాగితం చప్పుడు. ఆమె చదివింది. "'సీటు వచ్చినా రాకపోయినా, ఈ రోజు నుంచి మా అమ్మాయి కొట్లో పని చెయ్యదు. చదువుకుంటుంది.'"

ఫోన్ ఆగిపోయాక కూడా ఎవరూ దాన్ని తియ్యలేదు.

"నాన్నా," అంది అమ్మాయి. "నన్నడక్కుండా ఎట్లా రాశావు?"

"మీ మాస్టారు నన్నడిగి రాశారా?"

"అది కాదు. నాకిక్కడే..." ఆమె మాట పూర్తి కాలేదు. విప్పిన కాటా వైపు, తర్వాత తండ్రి చేతుల వైపు చూసింది. "మరి ఇవన్నీ ఎవరు చేస్తారు?"

తల్లి మొహంలో సంతోషం ఇంకా ఉంది, దాని పక్కనే భయం వచ్చి నిలబడింది. మాస్టారు రుమాలు తీసి ఎట్టకేలకు మొహం తుడుచుకున్నాడు.

మేస్త్రి చేపలక్క కాటాని తన ముందుకి లాక్కున్నాడు. వెల్లకిలా తిప్పాడు. కూతురు స్టూలు దిగి రెండడుగులు వేసింది. తల్లి ఆమె మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా కాదు.

స్క్రూడ్రైవరు మొన గాడి పక్కన గీసింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

చేపలక్క ఎప్పుడూ రెండు నిమిషాలు నిలబడే మనిషి కాదు. బెంచీ మీద మాస్టారి పక్కన చోటు చేసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మేస్త్రికి ఎదురుగానే కూర్చుంది.

"తొందరేం లేదు తమ్ముడూ," అంది. "నిదానంగా చెయ్యి."

బయట ఎండలో ఆమె బండి మీద మంచు కరిగి, చుక్కలు చుక్కలుగా రోడ్డు మీద పడుతోంది.